కిలిమంజారో హట్ల దారి: మరంగు గేటు నుంచి ఉహురు శిఖరం దాకా

కిలిమంజారో వెళ్దామనుకునేవాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఖర్చు గురించి. నేను మాత్రం ఎన్ని రోజుల ప్యాకేజీ చూస్తున్నారని అడుగుతాను. ఐదు రోజులు అంటే, ఇంకా డబ్బు కట్టకపోతే ఆరుకి మార్చుకోమంటాను. ఎందుకంటే నేను మొదటిసారి ఐదు రోజుల లెక్కన వెళ్లి, శిఖరానికి ఇంకా 700 మీటర్ల ఎత్తు మిగిలుండగానే వెనక్కి తిరిగాను. కాళ్లలో బలం ఉంది. తల మాత్రం పగిలిపోతోంది, అప్పటికే రెండుసార్లు వాంతయింది. మూడేళ్ల తర్వాత తమ్ముణ్ని వెంటబెట్టుకుని అదే దారిలో ఆరు రోజులకి వెళ్లాను, ఇద్దరం పైదాకా చేరాం. నిజానికి రెండోసారి నేను మొదటిసారంత ఫిట్‌గా కూడా లేను. దారి మధ్యలో హొరొంబో అనే చోట, బస చేసే హట్‌లో అదనంగా పడుకున్న ఒక్క రాత్రే తేడా.

ముందు దారి తేల్చుకోండి

టాంజానియాలో, కెన్యా సరిహద్దు పక్కన ఉన్న కిలిమంజారో ఒకే కొండ కాదు. షిరా, మావెంజి, కిబో అని మూడు అగ్నిపర్వతాలు కలిసిపోయిన కొండ. మనం ఎక్కేది కిబో. దాని అంచు మీద అన్నిటికంటే ఎత్తైన చోటు ఉహురు, 5,895 మీటర్లు. ఆఫ్రికా మొత్తానికీ అదే ఎత్తు.

పైకి వెళ్లడానికి చాలా దారులున్నాయి. మచామె, లెమోషో, రొంగాయ్, ఉంబ్వే, ఉత్తర దిక్కుగా కొండను చుట్టి వెళ్లే నార్తర్న్ సర్క్యూట్, ఇవన్నీ టెంట్ల దారులు. పైకప్పు కింద మంచం మీద పడుకునేది ఒక్క మరంగు దారిలోనే. మందారా, హొరొంబో, కిబో అని మూడు చోట్ల హట్లు ఉంటాయి. ఎక్కిన దారిలోనే దిగాలి. కూల్‌డ్రింకులు దొరికే దారి కాబట్టి దీన్ని కోకా-కోలా రూట్ అంటారు. ఆ పేరు విని తేలిగ్గా తీసుకోకండి.

రోజుకి ఎన్ని గంటలు నడుస్తామన్నది పెద్ద సమస్య కాదు. రాత్రికి ఎంత ఎత్తులో పడుకుంటాం అన్నదే అసలు లెక్క. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకి 500 మీటర్ల కంటే పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఆగమని వైద్యులు చెప్పే నియమం. మరంగు దారిలో మందారా 2,720, హొరొంబో 3,720, కిబో 4,720 మీటర్లు. అంటే ప్రతి రాత్రికీ వెయ్యి మీటర్లు ఎక్కువ. ఐదు రోజుల ప్యాకేజీలో ఎక్కడా ఆగకుండా మూడో రాత్రికే కిబో చేరతాం, అదే అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరతాం. ఆరు రోజులదైతే హొరొంబోలో రెండు రాత్రులు ఉంటాం. అప్పుడు కూడా నియమం పూర్తిగా పాటించినట్టు కాదు, కానీ ఒంటికి కాస్త టైమ్ దొరుకుతుంది. ఆ అదనపు రోజుకి పార్కు ఫీజు, హట్ ఫీజు, పన్ను కలిపి నూట యాభై డాలర్ల పైచిలుకే పడుతుంది. లక్షలు పెట్టి అంత దూరం వెళ్లేవాళ్లు ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

మరి ఎవరు ఏ దారి తీసుకోవాలి? టెంట్లో పడుకోవడం అలవాటై, ఏడెనిమిది రోజులు సెలవు దొరికేవాళ్లకి లెమోషో నిజంగా మంచిది. అందులో పగలు పైకెక్కి రాత్రికి కిందకి దిగి పడుకునే రోజులు ఉంటాయి, ఒళ్లు బాగా అలవాటు పడుతుంది. టెంటంటే భయం ఉన్నవాళ్లు, వాన పడే నెలల్లో తప్ప సెలవు దొరకనివాళ్లు, యాభై దాటి మొదటిసారి వెళ్లేవాళ్లు మరంగు ఆరు రోజులు తీసుకోండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ దారి గురించే.

నెల, వీసా, టీకా

జనవరి నుంచి మార్చి మొదటివారం వరకు, మళ్లీ జూన్ చివరి నుంచి అక్టోబర్ వరకు వానలు తక్కువ. మార్చి మధ్య నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు. పౌర్ణమికి రెండ్రోజులు అటూ ఇటూగా శిఖరం రాత్రి పడేలా చూసుకుంటే వెన్నెల్లో దారి కనిపిస్తుంది. కాకపోతే ఆ తేదీలకి హట్లు ముందే నిండిపోతాయి.

వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. దిగాల్సింది కిలిమంజారో అంతర్జాతీయ విమానాశ్రయంలో. అక్కడి నుంచి మోషి అనే ఊరు దగ్గర, బస అక్కడే. మనవాళ్లు ఎక్కువగా అడిస్ అబాబా, నైరోబి, దోహా మీదుగా వెళ్తారు. మొదటి రెండు ఊళ్ల మీదుగా వెళ్లేటట్టయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే ఆ కార్డు చెల్లుతుంది. మోషిలో దోమలు ఉంటాయి, మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే డాక్టర్ని అడగండి. టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. బట్టలు క్యారీబ్యాగుల్లో చుట్టి సర్దే అలవాటు మనకి ఎక్కువ కదా, గుడ్డసంచులకి మారండి.

గైడు లేకుండా పార్కులోకి వదలరు. గైడు, వంటవాడు, పోర్టర్లు, పర్మిట్లు, హట్ బుకింగ్ అన్నీ కలిపి అక్కడి లైసెన్సున్న కంపెనీయే చూస్తుంది. కంపెనీ ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. పోర్టర్లకి జీతం ఎంత, రోజుకి ఎన్నిసార్లు భోజనం పెడతారు? ఇద్దరు ఎక్కేవాళ్లుంటే గైడ్లు ఎంతమంది? ఒకరికి బాగోలేక దిగాల్సొస్తే రెండోవాళ్లతో పైకి వెళ్లడానికి ఇంకో గైడు ఉండాలి. మొదటిసారి నేను బుక్ చేసుకున్న కంపెనీ ఈ విషయం దాటేసింది. నేను దిగినప్పుడు నాతో పాటు బాగానే ఉన్న ఇంకొకాయన కూడా దిగాల్సి వచ్చింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఇంటి దగ్గర మూడు నెలలు

మరంగు గేటు ఎత్తు దాదాపు 1,870 మీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు. అంటే మన దగ్గర అన్నిటికంటే ఎత్తైన కొండ కన్నా పైనే అక్కడ మొదటి అడుగు పడుతుంది. కాబట్టి ఎత్తుకి ఇక్కడ ప్రాక్టీస్ లేదు. కాళ్లకి, ఊపిరికి, ముఖ్యంగా మోకాళ్లకి మాత్రమే ఉంది.

తిరుపతి దగ్గరివాళ్లకి అలిపిరి మెట్లదారిని మించింది లేదు. మూడున్నర వేల మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. ఆరేడు కిలోల బ్యాగు వేసుకుని ఎక్కండి, బస్సులో కాకుండా నడిచే దిగండి. కిలిమంజారోలో నొప్పులన్నీ దిగేటప్పుడే వస్తాయి. హైదరాబాద్ వాళ్లకి భువనగిరి గుట్ట ఉంది. 2014 మే 25న, పధ్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ కొండ ఎక్కడం నేర్చుకున్నది ఆ బండ మీదే. మరంగు దారికి తాళ్లు, రాక్ క్లైంబింగ్ అక్కర్లేదు. అయినా వారానికోసారి ఆ గుట్ట ఎక్కి దిగితే కొత్త బూట్లు కాలికి అలవాటవుతాయి. మిగతా రోజుల్లో గంటసేపు వేగంగా నడవండి, అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కండి. జిమ్‌లో కండలు పెంచినవాళ్లు పైన తేలిగ్గా నడుస్తారనుకోకండి. కుర్రాళ్లే తొందరపడి ముందు పడిపోవడం రెండుసార్లూ చూశాను.

ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. ముందు జాగ్రత్తగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎత్తుకి వెళ్లే ముందురోజు నుంచి వాడటం మామూలు పద్ధతి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. ఎవరైనా డాక్టర్‌తో మాట్లాడాకే వాడండి. ఇంటి దగ్గరే రెండ్రోజులు వేసుకుని చూస్తే వేళ్ల చివర్ల తిమ్మిరి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం తెలిసిపోతుంది. అక్కడికెళ్లాక కంగారు ఉండదు.

సామాను

పోర్టర్ మోసే మీ బ్యాగు 15 కిలోలు దాటకూడదు. పోర్టర్ మొత్తం బరువు 20 కిలోలకి మించకుండా గేటు దగ్గర తూకం వేస్తారు. మీ వీపు మీద ఉండేది చిన్న బ్యాగు: నీళ్లు, వానకోటు, ఒక స్వెటర్, తినడానికేమైనా, పాస్‌పోర్టు, మందులు.

హట్‌లో మంచం, పరుపు ఉంటాయి, దుప్పటి ఉండదు. సున్నాకి పది డిగ్రీలు దిగువ చలిని తట్టుకునే స్లీపింగ్ బ్యాగు కావాలి. మోషిలో అద్దెకి దొరుకుతుంది. అద్దెకి తీసుకునే ప్రతి వస్తువునీ దుకాణంలోనే వాడి చూడండి. నాకు ఒక దుకాణంలో ఇచ్చిన జాకెట్ జిప్పు కిబోలో, రాత్రి పదకొండున్నరకి, చేతికి ఊడొచ్చింది. తమ్ముడు పిన్నీసులు పెట్టి బిగించాడు, నాలుగు పిన్నీసులు. అప్పట్నుంచి నా కిట్‌లో పిన్నీసులు లేకుండా బయల్దేరను.

చేతులకి రెండు జతలు: లోపల పల్చటివి, పైన వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మందపాటివి. హెడ్‌లైట్‌కి కొత్త బ్యాటరీలు, ఇంకో సెట్టు లోపలి జేబులో ఒంటికి ఆనుకుని, చలికి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి. నీళ్లకి పైపున్న సంచి ఒక్కటే నమ్ముకోవద్దు, శిఖరం రాత్రి పైపులో నీళ్లు గడ్డకడతాయి. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. మంచు పైన పేరుకుంటుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

తిండి మీద నా సలహా: వాళ్ల వంట బాగుంటుంది, కానీ పైకెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు నోటికి హితవుగా ఉండేది మన రుచే. నిమ్మకాయ పచ్చడి చిన్న డబ్బా, కారప్పొడి, పల్లీ చిక్కీలు తీసుకెళ్లండి. పొద్దున వాళ్లిచ్చే ఉజి అచ్చం మన జావలా ఉంటుంది, రాగిపిండితో కూడా కాస్తారు. వద్దనకుండా తాగండి.

మొదటి రోజు: గేటు నుంచి మందారా

గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, పాస్‌పోర్టు నంబర్ రాయాలి. మీ సర్టిఫికెట్ మీద వచ్చేది ఈ పేరే. మన ఇంటిపేర్లతో తికమక వస్తుంది కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టే పెద్ద అక్షరాలతో రాయండి. మందారా ఎనిమిది కిలోమీటర్లు, నాలుగు గంటలు చాలు. మొత్తం దట్టమైన తడి అడవి. చెట్ల మీద నలుపు తెలుపు కొలోబస్ కోతులు కనిపిస్తాయి.

ఈ రోజు నేర్చుకోవాల్సింది ఒక్కటే: పోలె పోలె. స్వాహిలిలో మెల్లగా, మెల్లగా అని. గైడు వెనకే, ఆయన అడుగులోనే అడుగు వెయ్యండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం, మాట తెగుతోందంటే ఎక్కువైనట్టు. పోర్టర్లు 'కాకా' అని పిలుస్తారు. తెలంగాణలో చిన్నాన్నని పిలిచే పిలుపు, అక్కడ అన్నదమ్ములకి వాడతారు. తమ్ముడికి ఆ పిలుపు ఎంత నచ్చిందో, నన్ను ఇప్పటికీ ఇంట్లో అలాగే పిలుస్తున్నాడు.

మందారాలో ఏటవాలు పైకప్పు చెక్క హట్లు, ఒక్కో గదిలో నాలుగు మంచాలు. కింది మంచం పట్టుకోండి, రాత్రి లేవాల్సి వస్తుంది. చీకటి పడేలోపు పావుగంట నడిచి మౌండి క్రేటర్ అనే పాత అగ్నిపర్వతపు గొయ్యి దాకా వెళ్లి రండి.

రెండో రోజు, మూడో రోజు: హొరొంబో

అడవి అరగంటలో అయిపోతుంది. తర్వాత గడ్డి, పొదలు, ఎండ. పదకొండు కిలోమీటర్లు, ఆరు గంటలు. తలనొప్పి మొదటిసారి ఈ మధ్యాహ్నం వస్తుంది. రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగండి.

హొరొంబో ఈ దారి మొత్తంలో నాకిష్టమైన చోటు. సాయంత్రానికి మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి, రాత్రి మోషి దీపాలు దూరంగా కనిపిస్తాయి. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు అందరూ ఇక్కడే పడుకుంటారు కాబట్టి భోజనాల హాలు కిటకిటలాడుతుంది. దిగొచ్చినవాళ్ల పక్కన కూర్చుని పైన గాలి, చలి ఎలా ఉన్నాయో కనుక్కోండి. తాజా సమాచారం అంతకన్నా ఎక్కడా దొరకదు.

మూడో రోజే మనం డబ్బు పెట్టి కొనుక్కున్న రోజు. మంచం మీద పడుకోకండి. పొద్దున జీబ్రా రాక్స్ దాటి మావెంజి వైపు 4,200 మీటర్ల దాకా ఎక్కండి. నలుపు తెలుపు చారల బండలవి. పైన ఇరవై నిమిషాలు కూర్చుని మధ్యాహ్నానికి హొరొంబో దిగి తినండి. దారిలో మనిషికంటే ఎత్తుగా, తల మీద ఆకుల గుత్తితో నిలబడ్డ సెనిసియో చెట్లు కనిపిస్తాయి. ఎండిన ఆకులు రాలకుండా మొదలుకి అతుక్కునే ఉంటాయి, ఆ చెట్టుకి అదే స్వెటర్. మధ్యాహ్నం నిద్రపోండి. ఆ సాయంత్రానికి తలనొప్పి తగ్గి ఆకలేస్తే మీ ఒళ్లు దారికొచ్చినట్టే.

నాలుగో రోజు: కిబో

దారిలో 'ఆఖరి నీళ్లు' అని బోర్డు వస్తుంది. కిబోలో నీళ్లు లేవు, పోర్టర్లు కింది నుంచి మోసుకొస్తారు. కాబట్టి అక్కడ చేతులు కడగడానికి కూడా పొదుపు. తర్వాత మావెంజికి, కిబోకి మధ్య శాడిల్ అనే ఎడారి. చెట్టూ చేమా లేదు, గాలి మాత్రం ఆగదు. ఎదురుగా కిబో గోడ, దాని మీద సన్నగా దారి గీత కనిపిస్తుంటే టెన్షన్ వస్తుంది. తల దించుకుని నడవండి. ఆ దారి మనం ఎక్కేది చీకట్లోనే.

కిబో హట్ రాతి కట్టడం, పెద్ద గదుల్లో పదీ పన్నెండు మంచాలు. మధ్యాహ్నం రెండు మూడింటికి చేరతారు. వెంటనే రేపటి బట్టలు వేసుకునే వరుసలో మంచం మీద పేర్చుకోండి, హెడ్‌లైట్ మెడలో వేసుకోండి. ఐదింటికి సూప్, అన్నం. తర్వాత పడుకోవాలి, నిద్ర మాత్రం దాదాపు ఎవరికీ పట్టదు. ఎవరో దగ్గుతుంటారు, ఎవరిదో జిప్పు చప్పుడు. నిద్ర పట్టలేదని భయపడకండి, కళ్లు మూసుకుని పడుకున్నా విశ్రాంతే.

శిఖరం రాత్రి

పదకొండింటికి టీ, బిస్కెట్లు ఇచ్చి లేపుతారు. రెండు బిస్కెట్లయినా తినండి. అర్ధరాత్రికి బయల్దేరతారు. సున్నాకి పది నుంచి ఇరవై డిగ్రీలు దిగువ చలి, జారే కంకర, మెలికల దారి. సగం దూరంలో, 5,150 మీటర్ల దగ్గర, హాన్స్ మేయర్ గుహ. 1889లో మొదటిసారి శిఖరం చేరిన జర్మన్ పేరు అది. ఆయన జట్టుకి కొండ దారి చూపింది యోహాని లౌవో అనే స్థానిక చగ్గా తెగ యువకుడని అక్కడ చెబుతారు. ఇక్కడ రెండు నిమిషాలకి మించి కూర్చోకండి, ఒళ్లు చల్లబడితే లేవడం కష్టం.

మొదటిసారి ఈ గుహ దాటిన కాసేపటికి మా గైడు నన్ను ఆపి, మడమకి వేలు ఆనించి ఒకే గీత మీద పది అడుగులు వెయ్యమన్నాడు. నాలుగో అడుగుకి పక్కకి తూలాను. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు, నా బ్యాగు తీసుకుని కిందకి తిరిగాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయనకి చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

కాబట్టి ఈ లెక్క ముందే మనసులో పెట్టుకోండి. ఒట్టి తలనొప్పి, కాస్త వికారం ఉంటే మెల్లగా వెళ్తూ చూసుకోవచ్చు. వాంతులు ఆగకపోయినా, నడక తూలినా, మాట తడబడినా మెదడుకి వాపు వస్తోందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గళ్ల గళ్ల చప్పుడొచ్చినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెంటికీ మందు ఒక్కటే: ఆ క్షణమే దిగడం, ఎంత చీకటైనా సరే. ఆక్సిజన్, మందులు దిగడానికి సాయం చేస్తాయే కానీ పైకెళ్లడానికి కాదు. నడవలేనివాళ్లని దించడానికి ఒంటి చక్రం స్ట్రెచర్లు హట్ల దగ్గర ఉంటాయి. లక్షణాలు గైడు దగ్గర దాచొద్దు.

గుహ తర్వాత గిల్మన్స్ పాయింట్ దాకా ఉన్న రెండు గంటలే మొత్తం ప్రయాణంలో కష్టం. చివర్లో జమైకా రాక్స్ అనే బండల మీద చేతులు ఆనించి ఎక్కాలి. నాలుగడుగులు, ఒక ఆగుడు, గట్టిగా గాలి వదలడం. నేను మనసులో ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. గిల్మన్స్ 5,685 మీటర్లు, క్రేటర్ అంచు. అక్కడి నుంచి స్టెల్లా పాయింట్, తర్వాత ఉహురు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది, ఎక్కుడు తక్కువే. ఆరున్నర ప్రాంతంలో మావెంజి వెనక నుంచి సూర్యుడొస్తాడు. ఎడమ వైపు మంచు గోడలు గులాబీ రంగుకి మారతాయి. వందేళ్ల కిందట ఈ కొండ మీదున్న మంచులో 80 శాతానికి పైగా ఇప్పటికే కరిగిపోయింది. ఫోన్ చలికి ఆగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకుని ఫొటోకి మాత్రమే తియ్యండి. శిఖరం మీదున్న బోర్డు దగ్గర పావుగంట చాలు.

దిగడం

చాలామంది ప్లాన్ శిఖరంతో ఆగిపోతుంది. కానీ అదే రోజు ఉహురు నుంచి కిబోకి, గంటన్నర పడుకుని మళ్లీ హొరొంబో దాకా దిగాలి. పదిహేను కిలోమీటర్లు. కంకరలో మడమలు గుచ్చుతూ దిగండి, కర్రలు రెండూ వాడండి, బూట్ల మీద నుంచి పిక్కల దాకా తొడిగే గెయిటర్లు లేకపోతే బూట్ల నిండా రాళ్లే. చివరి రోజు హొరొంబో నుంచి గేటుకి పందొమ్మిది కిలోమీటర్లు. బొటనవేలి గోళ్లు ముందే కత్తిరించుకోకపోతే ఈ రోజు నల్లబడతాయి.

గేటు దగ్గర గిల్మన్స్, స్టెల్లా, ఉహురుల్లో ఎక్కడిదాకా వెళ్తే దానికి సర్టిఫికెట్ ఇస్తారు. టిప్పులు అక్కడి ఆనవాయితీ, ముందే బడ్జెట్‌లో కలుపుకోండి. కొత్త డాలర్ నోట్లు తీసుకెళ్లండి, పాతవి ఎవరూ తీసుకోరు. మొత్తం ఒకరి చేతిలో పెట్టకుండా, అందరి ముందూ ఎవరికెంతో చదివి ఇవ్వండి. మీ నీళ్లు మోసిన మనిషి పేరు అడిగి ఆయన చేతికే ఇవ్వండి. మంచి గ్లోవ్స్, సాక్సులు, స్వెటర్ ఉంటే పోర్టర్లకి వదిలేసి రండి. మేం దిగిన రోజు తమ్ముడు తన జాకెట్ తీసి ఒక కుర్రాడికిచ్చాడు. ఆ కుర్రాడు వేసుకుని ముందు చూసింది జిప్పు పనిచేస్తుందా లేదా అని. పైకీ కిందకీ మూడుసార్లు లాగి, నవ్వి, 'అసాంతే, కాకా' అన్నాడు. థ్యాంక్స్ అన్నా, అని.